నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) ప్రకృతి చిత్రంలో భావం పలకడం లేదా?

సమస్య: చూసినవాళ్లు "అచ్చం మా లంకలాగే ఉంది" అంటారు, అంతకు మించి ఏమీ అనరు.

కారణం: కొబ్బరిచెట్టు, పడవ, రేవు అంటూ వస్తువులతో మొదలుపెట్టారు. కోనసీమలో అవి ఎంత అందంగా ఉంటాయంటే, వాటిని వేస్తే చాలు భావం దానంతట అదే వస్తుందనిపిస్తుంది. రాదు. క్యాలెండరు బొమ్మ వస్తుంది.

పరిష్కారం: బ్రష్ పట్టకముందే భావాన్ని ఒక వాక్యంలో రాసుకోండి. "బాధ" అని రాస్తే పనికిరాదు. "వరద తీశాక బురద నిండిన ఇంటి ముందు నిలబడ్డప్పటి అలసట" అంటే దానికి బరువుంది, దిశ ఉంది. ఆ అలసట కిందికి లాగుతుంది కాబట్టి క్షితిజరేఖను, అంటే నేలా ఆకాశం కలిసే గీతను, కాన్వాస్ పైఅంచు దాకా నెట్టండి. ఆకాశం సన్నని పట్టీగా మిగిలి, తక్కినదంతా నేల బరువే అవుతుంది. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక ఖాళీ చేల మీద కలిగే తేలికదనం కావాలంటే రేఖను బాగా దించండి. చెట్టు కావాలో వద్దో ఆ తర్వాత చూసుకోవచ్చు. చాలాసార్లు ఒక నిలువు గీత సరిపోతుంది. 1960లో కాశీ చూసి వచ్చాక చిత్రకారుడు రామ్ కుమార్ చిత్రాల్లోంచి మనుషులు తప్పుకున్నారు. ఇళ్లు, మెట్లు, నది బూడిద, గోధుమ రంగు పలకలుగా మిగిలాయి. ఊరి దిగులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

సమస్య: ఎటు చూసినా ఆకుపచ్చ, అయినా చప్పగా ఉంది.

కారణం: ట్యూబులోని ఆకుపచ్చను నేరుగా పూశారు. పైగా వెలుగునీడల తేడా లేదు.

పరిష్కారం: అల్ట్రామెరీన్ నీలంలో యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి మసక ఆకుపచ్చ చేసుకోండి. మెరిసే ఆకుపచ్చను ఒక్కచోటే ఉంచండి. ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. అంతా ఒకే బూడిదగా కనిపిస్తే రంగులు మార్చి లాభం లేదు, ముదురు లేత భాగాలను సరిచేయాలి.

సమస్య: దుఃఖానికి నలుపు, సంతోషానికి పసుపు వాడినా ఎవరికీ ఏమీ అనిపించడం లేదు.

కారణం: రంగులకు నిఘంటువు పెట్టుకున్నారు. ఈ అలవాటు నాకు అసలు నచ్చదు. రంగు స్వభావాన్ని పక్కనున్న రంగు నిర్ణయిస్తుంది.

పరిష్కారం: అదే యెల్లో ఓకర్ నీలి బూడిద పక్కన వాన వెలిసిన ఎండలా వెలుగుతుంది, బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) పక్కన మట్టిలో కలిసిపోతుంది. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర ఎర్రనీటిని గమనించండి. వరద గోదావరికి నీలం అక్కర్లేదు. భయం కావాలంటే ఆ ఎరుపును అడ్డంగా, పెద్ద బ్రష్‌తో, అంచులు చెరిపేస్తూ లాగండి. ఒక మూల మాత్రం కాలువ నీళ్లలా నిశ్చలంగా వదలండి. కాన్వాస్ అంతా ఒకే ఊపుతో కొడితే ఆవేశం కనబడదు, చేతి నొప్పి కనబడుతుంది.

సమస్య: రంగులన్నీ బురదయ్యాయి.

కారణం: తడి మీద తడి, అందులోనూ ఎరుపు-ఆకుపచ్చ, నీలం-నారింజ వంటి ఎదురు రంగులు.

పరిష్కారం: మూడు రంగులు, తెలుపు చాలు. పొర ఆరాకే మరో పొర వేయండి. వానాకాలం తేమకు ఆక్రిలిక్ కూడా ఆలస్యంగా ఆరుతుంది, ఫ్యాను కింద ఉంచండి. ఆరాక అది కాస్త ముదురుతుంది కాబట్టి ఆకాశాన్ని మీరనుకున్నదానికన్నా ఒక మెట్టు లేతగా కలుపుకోండి.