స్పానిష్‌లో తగవు తీర్చుకునే మాటలు నేర్చుకునే విధానం

స్పానిష్ మాట్లాడే సహోద్యోగితోనో, ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్నవారితోనో మాట పట్టింపు వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవలసినది సంబోధన. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తేద్' అంటే మీరు అన్న తేడా తెలుగువారికి కొత్త కాదు గాని, వాడుక దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో ఆఫీసుల్లో సైతం 'తూ' విరివిగా వినబడుతుంది. కొలంబియాలోని కొన్ని ప్రాంతాల్లో మిత్రులను, ఇంటివారిని కూడా 'ఉస్తేద్' అనే పిలుస్తారు. అర్జెంటీనాలో 'తూ' స్థానంలో 'బోస్' ఉంటుంది. అలవాటైన 'తూ'ను వదిలి గొడవ మధ్యలో 'ఉస్తేద్'కు మారితే అది మర్యాదగా కాక దూరం పెట్టినట్లు ధ్వనించవచ్చు.

అసలు శ్రమ పెట్టవలసినది ఫిర్యాదు చేసే వాక్యంపైన. 'సియెంప్రే యేగాస్ తార్దే' అంటే 'నువ్వెప్పుడూ ఆలస్యంగానే వస్తావు' అని నింద వేయడం. 'మే మొలెస్తా కే యేగేస్ తార్దే' అంటే 'నువ్వు ఆలస్యంగా రావడం నాకు ఇబ్బందిగా ఉంది' అని అర్థం. 'నాకు బాధ కలిగింది', 'నాకు అనిపిస్తోంది' అనే మన వాక్యాల అల్లికే ఇక్కడా ఉంది కాబట్టి, 'మే దొలియో', 'మే పారేసే కే' అనేవి మనకు సులువుగా పట్టుబడతాయి. అయితే 'మే మొలెస్తా కే' తరువాత క్రియ రూపం మారి 'యేగాస్' కాస్తా 'యేగేస్' అవుతుంది. ఈ సబ్‌జంక్టివ్ (భావాన్ని, కోరికను, సందేహాన్ని తెలిపే మాటల తరువాత వచ్చే క్రియారూపం) సూత్రాలన్నీ ముందే బట్టీ పట్టడం కన్నా, 'గ్రితేస్' (అరవడం), 'నో మే ఎస్కూచేస్' (నా మాట వినకపోవడం) వంటి వాటిని ఆ చట్రంలో మార్చి మార్చి పైకి పలకడమే మేలు. 'దిస్కుతీర్' అన్న క్రియకు సాధారణంగా వాదులాడుకోవడం అనే అర్థం వస్తుంది కనుక, మాట్లాడుకుందాం అనాలనుకుంటే 'ఆబ్లేమోస్' అనాలి.

క్షమాపణకు 'లో సియెంతో' అందరికీ తెలిసినదే. 'సే మే ఓల్బిదో' అన్నది మరచిపోవడం తనంతట తాను జరిగినట్లు చెబుతుంది కాబట్టి చిన్న పొరపాట్లకే సరిపోతుంది. తప్పు పెద్దదైతే 'మే ఎకిబొకే' (నేను పొరపాటు చేశాను) అని, చివరి అక్షరాన్ని ఒత్తి పలుకుతూ నేరుగా ఒప్పుకోవాలి.

రాజీ ప్రతిపాదనను 'కే తే పారేసే సీ' (ఇలా చేస్తే ఏమంటావు) అని మొదలుపెట్టవచ్చు. ఒప్పందానికి రావడం 'యేగార్ ఆ ఉన్ అకుయెర్దో', మళ్లీ కలిసిపోవడం 'అసేర్ లాస్ పాసేస్'.

ఇంతవరకు వచ్చినవారు కొలంబియా ప్రభుత్వానికీ ఫార్క్ అనే సాయుధ తిరుగుబాటు దళాలకూ మధ్య హవానాలో సాగిన చర్చల తరువాత, 2016 నవంబరు 24న బొగోటాలో సంతకమైన తుది శాంతి ఒప్పందంలో బాధితులకు సంబంధించిన 5వ అంశాన్ని చదవడానికి ప్రయత్నించవచ్చు. బెర్దాద్ (సత్యం), హుస్తీసియా (న్యాయం), రెపారాసియోన్ (నష్టపరిహారం), నో రెపెతిసియోన్ (మళ్లీ జరగకుండా చూడడం) అనే మాటలు అందులో పదేపదే ఎదురవుతాయి, కాల్పుల విరమణ వార్తలను అనుసరించేటప్పుడు అవే అక్కరకు వస్తాయి.