తుపాను రాకముందే పొరుగు మున్సిపాలిటీతో మాట్లాడుకోవాల్సినవి

బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు ఎక్కువగా లేచేది అక్టోబరు, నవంబరు నెలల్లో. తీరం దాటిన మర్నాడు మున్సిపాలిటీల మధ్య ఫోన్లు మోగుతాయి. జనరేటర్ ఉందా, ట్యాంకర్లు పంపుతారా, మురుగు లైన్లను నీటి ఒత్తిడితో శుభ్రం చేసే జెట్టింగ్ మెషిన్ ఖాళీగా ఉందా? పంపడానికి ఎవరూ వెనకాడరు. కానీ వచ్చిన సామాను ఇక్కడి పైపులకు బిగవదు, వచ్చిన మనుషులకు వాల్వులెక్కడున్నాయో తెలియదు. మొదటి రోజంతా అలాగే పోతుంది. ఆ రోజు పోకుండా ఉండాలంటే సెప్టెంబరులోనే కూర్చుని మాట్లాడుకోవాలి.

ముందు, ఎవరితో? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు పక్కనున్న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలూ దెబ్బతిన్నాయి. పక్క ఊరికీ కరెంటు పోతే అది మనకేం పంపుతుంది? అందుకే దగ్గరి ఊరు ఒకటి, లోపలి జిల్లాలో మరొకటి ఉండాలి. బాపట్లకు చీరాల ఒక్కటే తోడైతే చాలదు, కర్నూలో నంద్యాలో కూడా ఉండాలి.

ఒప్పందం రెండు పేజీలు మించక్కర్లేదు. అడిగేది ఎవరు, పంపేది ఎవరు, డీజిల్, బత్తా, రిపేరు ఖర్చు ఎవరిది, వచ్చిన సిబ్బందికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్నవి రాసుకుంటే చాలు. తన ఊళ్లోనే ఇబ్బంది ఉంటే పంపలేనని చెప్పే హక్కు కూడా అందులో ఉండాలి. అది లేకపోతే సంతకం పెట్టడానికే జంకుతారు.

ఈ సాయం ఎక్కువ దెబ్బ తినేది పైపుల దగ్గర. పగిలిన చోట పైపు చుట్టూ బిగించే పట్టీ కోసం ‘200 ఎంఎం రిపేర్ క్లాంప్ పంపండి’ అంటే సరిపోదు. 200 ఎంఎం డీఐ (డక్టైల్ ఇనుము) పైపు బయటి వ్యాసం 222 మిల్లీమీటర్లు, అదే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) అయితే సరిగ్గా 200. ఒకదాని క్లాంప్ రెండోదానికి పట్టదు. పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) పైపులైతే క్లాసును, అంటే తట్టుకునే ఒత్తిడిని బట్టి మందం, దాంతో బయటి వ్యాసం మారుతుంది. పైపు చుట్టూ టేపు పెట్టి చుట్టుకొలతను 3.14తో భాగించండి. టేపు 697 చూపితే వ్యాసం 222. మెయిన్ లైన్లన్నిటికీ ఇలా కొలిచి రాసిన పట్టిక పొరుగువాళ్ల స్టోరులోనూ ఉండాలి. హోసులను బిగించే కప్లింగులూ అంతే. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ కొండల్లో మంటలు లేచినప్పుడు అక్కడి హైడ్రెంట్లకు (మంటలార్పే నీటి కుళాయిలకు) మూడంగుళాల కప్లింగ్, సాయానికి వచ్చిన ఊళ్లవాళ్ల దగ్గరేమో రెండున్నర అంగుళాలవి. మధ్యలో బిగించే అడాప్టర్లు లేక చిక్కొచ్చింది.

జనరేటర్ అడిగేటప్పుడు పంపు మోటారు హెచ్‌పీతో పాటు స్టార్టర్ ఏదో చెప్పండి. 75 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు లాగేది సుమారు 75 కేవీఏ (జనరేటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత). డైరెక్ట్ స్టార్టర్ అయితే మొదలయ్యేటప్పుడు ఆరు రెట్ల కరెంటు లాగుతుంది, చిన్న జనరేటర్ అక్కడే ఆగిపోతుంది. మొదట్లో లాగే కరెంటును తగ్గించే స్టార్-డెల్టా స్టార్టర్ ఉన్నా రెట్టింపు సామర్థ్యం అడగడం మంచిది. లైనునో జనరేటర్‌నో ఒక్కదాన్నే కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం తీస్తుంది. కలిపాక క్షణంపాటు నడిపి మోటారు ఎటు తిరుగుతోందో చూడండి. నిలువుగా నీళ్లలోకి దిగే పొడవాటి షాఫ్ట్ ఉన్న వర్టికల్ టర్బైన్ పంపు ఎదురు తిరిగితే లోపలి షాఫ్ట్ జాయింట్లు మరలూడిపోతాయి. కరెంటు లేకపోతే పెట్రోలు బంకులూ నడవకపోవచ్చు కాబట్టి డీజిల్ ముందే డ్రమ్ముల్లో పెట్టుకోండి.

బయటి నుంచి వచ్చే ట్యాంకర్ ఇంతకుముందు ఏం మోసిందో కనుక్కోండి. మురుగు మోసినదైతే తాగునీటికి వద్దే వద్దు. మిగతావి కడిగి, 5,000 లీటర్లకు 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ సుమారు 830 గ్రాములు కలిపి రాత్రంతా నిల్వ ఉంచి పారబోయాలి. ఆ తర్వాత తాగునీటి ప్రతి లోడుకూ సుమారు 35 గ్రాములు వేయండి. పౌడర్‌ను విడిగా బకెట్లో కలిపి తేటనీరే పోయాలి. అరగంట ఆగాక, నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూపే క్లోరోస్కోప్‌లో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు రావాలి. చెమ్మ తగిలిన సంచిలో పౌడర్ బలం పోతుంది. 0.5 రాకపోతే మోతాదు పెంచి మళ్లీ చూడండి.

వచ్చిన ప్రతి బృందానికీ మన వాల్వ్‌మ్యాన్ ఒకరిని తోడివ్వాలి. కొన్ని పాత వాల్వులు ఎడమవైపు తిప్పితే మూసుకుంటాయి. తెలియనివాళ్లు బలంగా తిప్పి స్పిండిల్ (వాల్వును తిప్పే కడ్డీ) విరిచేస్తే ఆ లైను మరింత ఆలస్యమవుతుంది. కాబట్టి ప్రతి వాల్వు ఎన్ని చుట్లు, ఎటు తిప్పాలో మ్యాప్ మీద రాయండి. ఆ మ్యాప్ కాగితం మీదే ఉండాలి, తుపానులో సెల్ టవర్లు పనిచేయకపోవచ్చు.

మురుగు లైన్లు పొంగినప్పుడు సాయానికొచ్చిన వాళ్లను ఎంత తొందరున్నా మ్యాన్‌హోల్‌లోకి దించకండి. రక్షణ సామగ్రి లేకుండా దించి శుభ్రం చేయించడం, మనుషులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన తెలిసే శక్తే పోతుంది. లోపల పడినవాణ్ని లాగబోయి రెండోవాడూ పడిపోతాడు. జెట్టింగ్ మెషిన్ అడిగేటప్పుడు దాంతో పాటు గ్యాస్ డిటెక్టర్ కూడా అడగండి.

సామాను అందుకునేటప్పుడు జనరేటర్ అవర్ మీటర్ రీడింగ్, హోసుల లెక్క, ఫొటో, సంతకం తీసుకోండి. తిరిగిచ్చేటప్పుడూ అవే.