బేస్ వినపడాలంటే ముందు ఫ్యాను ఆపాలి

గుంటూరు, విజయవాడ పెళ్లిళ్లలో ఇరవై ఆరేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఇన్నేళ్లలో పాడినవాళ్లకు శాలువాలు కప్పారు, ప్యాడ్స్ వాయించేవాడితో ఫొటోలు దిగారు. నా దగ్గరికి వచ్చి మాట్లాడింది ఒక్క వంట మేస్త్రి. విజయవాడలో ఒక కల్యాణ మండపంలో పాట మధ్యలో నా యాంప్ ఫ్యూజ్ పోయింది. స్టేజి మీద ఎవరికీ తెలియలేదు, పాట ఆగలేదు. కింద డ్యాన్స్ చేస్తున్న కుర్రాళ్లు మాత్రం ఒక్కొక్కరే వెళ్లి కుర్చీల్లో కూలబడ్డారు. అప్పుడొచ్చాడు మేస్త్రి, చేతిలో గరిటెతో. "ఏందయ్యా, పాట నీళ్ల మజ్జిగయింది?" అన్నాడు.

మా మేనల్లుడు బేస్ నేర్చుకుంటానని వచ్చినప్పుడు ముందు ఈ కథే చెప్పాను. తర్వాత సినిమా పాట కాకుండా జానీ డ్యానీ రికార్డు పెట్టాను. డ్యానీ దక్షిణాఫ్రికా వాడు. మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ వాయించేవాడు. ఆయన్ని ఎలా వినాలో వాడికి నేర్పిన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. జాజ్ తెలియాల్సిన పని లేదు.

వాడు మొదట ఫోన్ స్పీకర్లో విన్నాడు. "మావయ్యా, ఇందులో పియానో ఒక్కటే ఉంది" అన్నాడు. వాడి తప్పేం లేదు. డబుల్ బేస్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు అదురుతుంది, పక్క తీగ 55 సార్లు. అంత కింది స్వరాన్ని పలికించడం ఫోన్‌లోని ఆ చిన్న రేకు వల్ల కాదు. చెవిని నిండుగా మూసే హెడ్‌ఫోన్స్ ఉంటే సరే. లేకపోతే పాత స్టీరియో పెట్టెను గది మూలకు జరపండి. రెండు గోడలూ కలిసి బేస్‌ను పైకి లేపుతాయి. పెట్టె మీద ఒక అరచెయ్యి ఆనించండి. చెవికి అందనిది కొంత చేతికి అందుతుంది.

ఇక ఫ్యాను. దాని హోరు, బేస్ ఉండే చోటే ఉంటుంది, కాబట్టి ఆపాల్సిందే. గుంటూరులో ఏప్రిల్ నెలలో ఈ మాట చెప్పి నేను ఇంట్లో ఎన్ని తిట్లు తిన్నానో! పైగా మా ఇల్లు మిర్చి యార్డుకు పోయే లారీల దారిలో ఉంది. అందుకే మా పాఠాలన్నీ తెల్లవారుజామున నాలుగున్నరకు, ఆ రోజు మొదటి కాఫీకి ముందు.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది అసలు చిక్కు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. నాకు మొదట దొరికింది 1966లో బ్యూనస్ ఐరిస్‌లో శాక్సఫోన్ వాయించే స్టీవ్ లేసీతో కలిసి డ్యానీ వాయించిన రికార్డు. ఒక్కో వైపు ఒక్కటే పాట, ఒక్కోటి ఇరవై నిమిషాలు, తాళం లేదు, పల్లవి లేదు. పది నిమిషాలకే లేచిపోయాను. అది గొప్ప రికార్డే, కానీ ఆ గుమ్మంలోంచి ఇంట్లోకి రాకూడదు.

1973 నాటి 'గుడ్ న్యూస్ ఫ్రమ్ ఆఫ్రికా'తో మొదలుపెట్టండి. ఉన్నది ఇద్దరే: పియానో మీద డాలర్ బ్రాండ్, బేస్ మీద డ్యానీ. ఈ బ్రాండే ఇస్లాం తీసుకుని అబ్దుల్లా ఇబ్రహీం అయ్యాడు. ఇద్దరూ పాడతారు కూడా. ఇద్దరే కాబట్టి బేస్ దాక్కోవడానికి చోటుండదు. మొదటిసారి బేస్ కోసం వెతక్కండి, మామూలుగా వినండి. రెండోసారి పియానోను వదిలేసి, కింద తిరుగుతున్న ముక్కను నోటితో కూనిరాగంలా పట్టండి. నోటికి వచ్చేదాకా గిటార్ ముట్టుకోవద్దని మావాడికి షరతు పెట్టాను. వాడికి మూడు రోజులు పట్టింది.

మొదటి పాట పేరులో న్త్సికానా అనే మనిషి ఉన్నాడు. ఆయన పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఖోసా భాషలో క్రైస్తవ కీర్తనలు కట్టినవాడు. తెల్లవాళ్ల పాటలను అనువదించుకోకుండా తన జనం బాణీలోనే కట్టాడు. డ్యానీదీ ఖోసా భాషే. ఆదివారాలు చర్చిలో కూడా వాయిస్తాను కనుక ఇది నాకు తొందరగా ఎక్కింది. తెలుగులో క్రైస్తవ కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి పాటలు పాడేటప్పుడు మన పెద్దవాళ్ల గొంతుల్లో ఉండే ఆ కదలిక ఇంగ్లీషు బాణీలకు రాదు.

ఇప్పుడు గిటార్ తీయండి. దక్షిణాఫ్రికా జాజ్ కింద మరాబీ అని ఒక పాత పేటల సంగీతం ఉంది. నాలుగు కార్డ్స్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు, చక్రంలా తిరుగుతూనే ఉంటాయి: సి, ఎఫ్, సి, జి. మావాడు కార్డ్స్ చూసి బేస్ కూడా అలాగే సి, ఎఫ్, సి, జి అని వాయించాడు. తప్పు కాదు, కానీ చప్పగా ఉంది. మరాబీ తీరులో మూడో చోట పైన కార్డ్ సి అయినా బేస్ మాత్రం జి మీద నిలబడుతుంది. అంటే మన స్వరాల్లో స, మ, ప, ప. ఒక బార్, అంటే ఒక తాళం చుట్టు, ముందే పంచమం మీద కాలు పెట్టి, పైన కార్డ్ వచ్చి తనను కలిసేదాకా అక్కడే ఉండటం అన్నమాట. "ఒరేయ్, వీధి చివర ముందే నిలబడి వెనక వచ్చే పెళ్లి ఊరేగింపు కోసం చూస్తున్నట్టు" అన్నాను. ఈసారి ప మీద ఆగినప్పుడు వాడి తల దానంతటదే ఊగింది. ఇరవై సార్లు తిప్పండి, ఇరవై ఒకటోసారికి విసుగు పోతుంది.

ఇక ఆయన జీవితం. దాన్ని రికార్డులతో పాటే తెలుసుకోవాలి, విడిగా చదివితే తేదీల పట్టికే మిగులుతుంది. నేను నోట్‌బుక్‌లో ప్రతి రికార్డుకూ ఒక పేజీ పెట్టి, ఎవరెవరు వాయించారో రాయించాను. లేనివాళ్ల పేర్లు ఎర్ర ఇంకుతో.

డ్యానీ పుట్టింది ఈస్ట్ లండన్ అనే రేవు పట్నం పక్కన డంకన్ విలేజ్‌లో, 1940లలో. ఆయన వాయించిన బ్లూ నోట్స్ బ్యాండ్‌లో ఆరుగురు. పియానో క్రిస్ మెక్‌గ్రెగర్ తెల్లవాడు, మిగతా ఐదుగురూ నల్లవాళ్లు. తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ వేరుచేసే అప్పటి దక్షిణాఫ్రికా చట్టాల కింద వీళ్లంతా ఒకే స్టేజి ఎక్కడమే ఒక పోరాటం. 1964లో ఫ్రాన్స్‌లోని ఆంటీబ్ జాజ్ ఉత్సవానికని బయటపడ్డారు, తర్వాత జ్యూరిక్, లండన్. డ్యానీ 1970లలో డెన్మార్క్, స్వీడన్ వైపు వెళ్లిపోయాడు.

ఆ చట్టాల మీద పోరాడిన నల్లవాళ్ల నాయకుడు స్టీవ్ బీకో 1977లో పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఆయనది ఈస్ట్ లండన్‌కు దగ్గరి ఊరే. మరుసటి ఏడాది డ్యానీ 'సాంగ్ ఫర్ బీకో' రికార్డు చేశాడు. డాన్ చెర్రీ కార్నెట్ (పొట్టి ట్రంపెట్ లాంటిది), డుడు పుక్వానా శాక్సఫోన్, మకాయా న్‌చోకో డ్రమ్స్. దీన్ని కోపంగా ఉంటుందనుకుని వినకండి. నాకైతే కాళ్లు ఆడాయి, దానికి కొంచెం సిగ్గూ పడ్డాను.

నోట్‌బుక్‌లో మొదటి ఎర్ర పేరు మోంగెజీ ఫెజా. బ్లూ నోట్స్ ట్రంపెట్ ఆయనే. 1975 డిసెంబర్‌లో లండన్‌లో చనిపోయాడు, ముప్పై ఏళ్లు. సంస్మరణ ప్రార్థన తర్వాత బ్యాండ్‌లో అప్పటికి మిగిలిన నలుగురూ రిహార్సల్ గదిలో చేరి, ముందుగా ఏమీ అనుకోకుండా వాయించి రికార్డు చేశారు. ఆ రికార్డులో ట్రంపెట్ లేదు. వేరేవాణ్ని పిలవలేదు. డ్యానీ బేస్ వాయిస్తూనే ఖోసాలో గొంతెత్తుతాడు. దీన్ని ముక్కలుగా వినకండి, ఒక సెలవు రోజు చూసుకోండి.

చివరి పాఠం ఈ మధ్యనే అయింది. డ్యానీ 1986లో పశ్చిమ బెర్లిన్‌లో పోయాడు. మరుసటి ఏడాది మెక్‌గ్రెగర్, పుక్వానా, డ్రమ్స్ లూయీ మొహోలో కలిసి 'బ్లూ నోట్స్ ఫర్ జానీ' చేశారు. బేస్ లేదు. రికార్డు నడుస్తుండగా మావాడు గిటార్ అందుకోబోయాడు, ఖాళీ నింపుదామని. వద్దన్నాను. ఇది మాత్రం ఎవరూ వాయించకూడదు, వినాలి.

వాడు గిటార్ గోడకు ఆనించి, అలవాటుగా పెట్టె మీద చెయ్యి పెట్టాడు. "మావయ్యా, ఇంకా అదురుతోంది" అన్నాడు. అది పియానో ఎడమ చెయ్యీ, పెద్ద డ్రమ్మూ. పాట అయిపోయేదాకా చెయ్యి తియ్యలేదు. అప్పటికి తెల్లవారింది, లారీలు మొదలయ్యాయి, మా అక్క వచ్చి ఫ్యాను వేసింది.