పాత టార్గెట్ పిస్టళ్ల సేకరణకు అమెరికాలో సీ అండ్ ఆర్ లైసెన్స్: దరఖాస్తు విధానం

1915 నుంచి 1977 దాకా తయారైన కోల్ట్ ఉడ్స్‌మన్, కనెక్టికట్ రాష్ట్రం హ్యామ్‌డెన్‌లో తయారైన హై స్టాండర్డ్ సూపర్‌మాటిక్, 1925లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన సింగిల్ షాట్ 'స్ట్రెయిట్ లైన్'. పాత టార్గెట్ పిస్టళ్ల మీద మోజున్న వాళ్లకి ఈ పేర్లు కొత్తగా చెప్పక్కర్లేదు. స్ట్రెయిట్ లైన్ అయితే మొత్తం 1,870 మాత్రమే తయారయ్యాయి. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు గానీ, ఇప్పుడు కంపెనీ ఇచ్చిన రేకు పెట్టెతో సహా దొరికిందంటే కలెక్టర్లు ఎగబడతారు.

చిక్కేమిటంటే, ఇలాంటివి మీ ఇంటి దగ్గర గన్ షాపులో దొరకవు. మీరు డాలస్‌లో ఉంటే అది ఎక్కడో ఒహాయోలో వేలానికి వస్తుంది. మామూలు పౌరుడు వేరే రాష్ట్రం నుంచి పిస్టల్‌ని నేరుగా ఇంటికి తెప్పించుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. ప్రతిసారీ లోకల్ డీలర్‌కి పంపించుకుని, ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుని, డీలర్ ఫీజు కట్టి తెచ్చుకోవాలి. ఈ తిప్పలు తప్పించుకోవడానికి ఉన్న దారే సీ అండ్ ఆర్ లైసెన్స్, అంటే క్యూరియో అండ్ రెలిక్ కలెక్టర్ లైసెన్స్. తుపాకీ లైసెన్సులు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ లెక్కలో ఇది టైప్ 03. మూడేళ్లకి 30 డాలర్లు. నన్నడిగితే లైసెన్స్ తెచ్చుకోవడం తేలిక, వచ్చాక దాన్ని పద్ధతిగా నిలబెట్టుకోవడంలోనే పని ఉంది.

ఎవరు అర్హులు?

21 ఏళ్లు నిండాలి. నేర చరిత్ర ఉండకూడదు. గృహహింస కేసులో చిన్నపాటి శిక్ష పడినా అనర్హతే. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమే అయినా, ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదు కాబట్టి వాడేవాళ్లు అర్హులు కారు. ఫారంలో ఆ ప్రశ్న నేరుగానే అడుగుతారు.

మనవాళ్లు ఆగి చదవాల్సింది వీసా సంగతి. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకి తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. నిషేధం కొనడానికే కాదు, రేంజ్‌లో స్నేహితుడి పిస్టల్ తీసుకుని రెండు రౌండ్లు కాల్చినా వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు పట్టుకుని కలెక్షన్ మొదలుపెట్టడం మాత్రం నాకు నచ్చని సలహా. ఆయుధాల కేసు దేశం నుంచి పంపించేయడానికి సరిపోయే కారణం, ఒక పిస్టల్ కోసం ఆ టెన్షన్ అనవసరం. ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, పెండింగ్‌లో ఉండటం అంటే గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. కార్డు చేతికొచ్చాక దరఖాస్తు చేసుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, పౌరులు ఇద్దరూ అర్హులే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మీకు లైసెన్స్ ఉన్నా, మిమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఉంటారు, అంటే పైన చెప్పిన నిషేధం వాళ్లకీ ఉంది. ఆర్నెల్లు ఇంట్లో ఉంటారు కదా అని సేఫ్ నంబరు వాళ్లకి చెప్పకండి, తాళం వాళ్ల చేతికి ఇవ్వకండి.

ఏ పిస్టల్ ఈ లైసెన్స్ కిందకి వస్తుంది?

తయారై 50 ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్నది ఏదైనా వస్తుంది. పాతదాన్ని చూసి కొత్తగా చేసిన నకలు రాదు. 50 ఏళ్లు నిండకపోయినా అరుదైనవిగా ఏటీఎఫ్ గుర్తించిన కొన్నింటి జాబితా విడిగా ఉంది. ఈ 50 ఏళ్ల లెక్క మోడల్‌కి కాదు, మీరు కొంటున్న ఆ ఒక్క పిస్టల్‌కి. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41 అమ్మకానికి వచ్చింది 1957లో, ఆ తర్వాత దశాబ్దాల తరబడి తయారవుతూనే వచ్చింది. 1968లో చేసిన 41 మీ లైసెన్స్ మీద నేరుగా ఇంటికి రావచ్చు. 1995లో చేసిన 41, చూడటానికి అచ్చం అలాగే ఉన్నా, డీలర్ ద్వారానే రావాలి. అందుకే డబ్బు కట్టేముందు సీరియల్ నంబరు ఫొటో అడిగి, అది ఏ ఏడాదిదో తేల్చుకోవాలి. కోల్ట్ ఆర్కైవ్స్, స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని ఫ్యాక్టరీ రికార్డు చూసి లెటర్ ఇస్తాయి. ఖరీదైనది కొంటున్నప్పుడు ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

'అసలు రూపం' అన్న షరతు టార్గెట్ పిస్టళ్ల దగ్గరే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇవి అలమరలో పెట్టి చూసుకున్నవి కావు, పోటీల్లో వాడినవి. బుల్స్ఐ (గురి చూసి కాల్చే పోటీ) షూటర్లు పైన స్కోప్ బిగించడానికి రంధ్రాలు వేయించేవాళ్లు, బ్యారెల్ మార్పించేవాళ్లు, ట్రిగ్గర్ తేలిక చేయించేవాళ్లు. పైన నాలుగు కొత్త రంధ్రాలున్న హై స్టాండర్డ్‌ని అమ్మేవాడు 'సీ అండ్ ఆర్ ఓకే' అని రాసినంత మాత్రాన అది ఓకే అయిపోదు. అనుమానం ఉంటే డీలర్ దారిలోనే తెప్పించుకోవడం మేలు.

1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి, ఉదాహరణకు ఆనాటి స్టీవెన్స్ సింగిల్ షాట్ పిస్టళ్లు, ఫెడరల్ చట్టంలో యాంటిక్‌లు. వాటికి ఈ లైసెన్సే అక్కర్లేదు.

ఫారం నింపడం

ఏటీఎఫ్ వెబ్‌సైట్‌లో ఫారం 7/7సీఆర్ ఉంటుంది. డీలర్లకీ కలెక్టర్లకీ ఫారం ఒకటే కాబట్టి టైప్ 03 గడిలోనే టిక్ పెట్టారో లేదో చూసుకోండి. డీలర్ల నుంచి అడిగే వేలిముద్రలు, ఫొటోలు కలెక్టర్ నుంచి అడగరు. చిరునామా దగ్గర మీ ఇంటి అడ్రస్ ఇస్తే చాలు, షాపు ఉండాలన్న నియమం లేదు.

పేరు దగ్గర జాగ్రత్త. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనకి ప్రతి ఫారంలోనూ ఉన్నదే. గ్రీన్ కార్డు మీద లేదా పౌరసత్వ పత్రం మీద ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి, ఇనీషియల్స్‌తో సరిపెట్టకండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వడం ఐచ్ఛికం. కానీ ఒకే పేరు వందల మందికి ఉండే మనలాంటి వాళ్లు ఇవ్వడమే మంచిది, లేకపోతే ఇంకెవరి రికార్డుతోనో ముడిపడి ఫైలు ఆగుతుంది. పౌరులు కానివాళ్లు ఏలియన్ నంబరు కూడా రాయాలి.

ఫీజు చెక్కుగా, మనీ ఆర్డర్‌గా కట్టొచ్చు, లేదా కార్డు వివరాలు ఫారంలోనే రాయొచ్చు. సంతకం, తేదీ పెట్టి, ఫారంలో అచ్చువేసిన చిరునామాకి పోస్టు చేయాలి. అదే రోజు ఇంకో కాపీ మీ ఊరి పోలీస్ చీఫ్‌కి గానీ కౌంటీ షెరిఫ్‌కి గానీ పంపాలి. వాళ్ల అనుమతి అడుగుతున్నట్టు కాదు, తెలియజేస్తున్నట్టు మాత్రమే. జవాబు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ కాపీ పంపిన పోస్టల్ రసీదు మాత్రం దాచుకోండి.

దరఖాస్తు సక్రమంగా అందితే 60 రోజుల్లో నిర్ణయం తీసుకోవాలని చట్టం. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న లైసెన్సింగ్ సెంటర్ దీన్ని చూస్తుంది.

వచ్చాక చేయాల్సింది

లైసెన్స్ మీద సంతకం పెట్టి, కాపీలు తీసి, వాటి మీద కూడా సంతకం చేసి ఉంచుకోండి. అమ్మేవాళ్లకి పంపాల్సింది ఈ సంతకం చేసిన కాపీనే. కొంతమంది డీలర్లు కలెక్టర్ లైసెన్స్‌కి పంపం, ఇంకో డీలర్‌కే పంపుతాం అంటారు. వాదించి లాభం లేదు, అది వాళ్ల ఇష్టం.

పిస్టల్ ఇంటికి చేరిన మరుసటి పనిదినం ముగిసేలోపు బౌండ్ బుక్‌లో ఎక్కించాలి. బౌండ్ బుక్ అంటే వచ్చినవీ, అమ్మినవీ వరసగా రాసే రికార్డు పుస్తకం. తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, రకం, క్యాలిబర్, ఎవరి దగ్గర్నుంచి ఎప్పుడు వచ్చింది అన్నీ ఒకే వరసలో. అమ్మితే ఏడు రోజుల్లోపు అదే వరసలో కుడివైపు రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి ఇనీషియల్ వేయండి, వైట్‌నర్ పూయొద్దు. ఏడాదికోసారి ఏటీఎఫ్ ఈ పుస్తకం, కలెక్షన్ చూడొచ్చు. మీ ఇంట్లోనా, దగ్గర్లోని వాళ్ల ఆఫీసులోనా అన్నది ఎంచుకునే హక్కు కలెక్టర్‌గా మీది. దొంగతనం జరిగిందని తెలిసిన 48 గంటల్లో ఏటీఎఫ్‌కీ, లోకల్ పోలీసులకీ చెప్పాలి.

అమ్మకం విషయంలో హద్దు స్పష్టం. కలెక్షన్ మెరుగుపరుచుకోవడానికి ఒకటి అమ్మి ఇంకొకటి కొనొచ్చు. లాభం కోసం అదేపనిగా కొని అమ్మితే అది వ్యాపారం, దానికి డీలర్ లైసెన్స్ కావాలి. లైసెన్స్ లేని వేరే రాష్ట్రం మనిషికి నేరుగా అమ్మకూడదు.

రాష్ట్ర చట్టాలు ఈ లైసెన్స్‌తో మాయమైపోవు. టెక్సస్‌లో ఉన్నంత సులువు ఎడిసన్‌లో ఉండదు: న్యూజెర్సీలో ఒక్కో పిస్టల్‌కీ కొనుగోలు పర్మిట్ కావాలి. న్యూయార్క్‌లో పిస్టల్ లైసెన్స్ ముందు ఉండాలి. కాలిఫోర్నియా నియమాలు ఇంకా పెద్ద చాంతాడు. కొనేముందు మీ రాష్ట్రం సంగతి చూసుకోండి.

గడువు ముగియడానికి ముందు రెన్యువల్ ఫారం 8 పోస్టులో వస్తుంది, ఫీజు మళ్లీ 30 డాలర్లే. ఇల్లు మారుతుంటే కనీసం 30 రోజుల ముందే ఏటీఎఫ్‌కి తెలియజేసి సవరించిన లైసెన్స్ తెప్పించుకోవాలి. ఉద్యోగం మారి రాష్ట్రాలు దాటే మనవాళ్లు సామాను తరలించే యూ-హాల్ ట్రక్కు బుక్ చేసే రోజే ఈ పనీ పెట్టుకుంటే సరిపోతుంది. ఇండియాకి తిరిగి వెళ్లిపోయే ఆలోచన ఉంటే, అక్కడ ఈ లైసెన్స్ చెల్లదు. కలెక్షన్‌ని ఏంచేయాలో టికెట్లు కొనకముందే తేల్చుకోండి.