పేట ఆడవాళ్లంతా కలిసి వివక్షను నిలదీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి?

గుంటూరు శివార్లలో మిరపకాయలకి తొడిమలు తీసే షెడ్డు అది. ఫిబ్రవరి నెల. లోపల నలభై మంది ఆడవాళ్లు, ముక్కుకి చీర కొంగు, ఘాటుకి ఎర్రబడ్డ కళ్లు. మూలన మంచినీళ్ల డ్రమ్ము, దాని మూత మీద రెండు స్టీలు గ్లాసులు. కొందరు గ్లాసుతో ముంచుకుని తాగుతారు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవాళ్లు దోసిలి పడితే పైనుంచి ఇంకొకరు పోస్తారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఏళ్ల తరబడి అలాగే నడిచిపోతోంది. ఒకరోజు పంతొమ్మిదేళ్ల పిల్ల దోసిలి పట్టకుండా చెయ్యి చాపి, "గ్లాసు ఇటివ్వు పిన్నీ, నేనే ముంచుకుంటా" అంది. ఆ పూటంతా షెడ్డులో మాటల్లేవు. సాయంత్రం మేస్త్రి కూలి చేతిలో పెట్టి, "రేపు పని తక్కువుందమ్మా, నువ్వు రావొద్దులే" అన్నాడు.

ఇలాంటి పిల్ల మీ పేటలోనూ ఉంటుంది. ఆమెని ఒంటరిగా వదిలేయకుండా ఏం చేయొచ్చు? గుంటూరులో, విజయవాడలో పదేళ్లుగా ఇలాంటి పనుల మీద తిరిగాను. కొన్ని నెగ్గాం, కొన్ని మా చేతులతోనే చెడగొట్టుకున్నాం. ఆ రెండిటి నుంచీ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కూర్చోండి

రాత్రి ఎనిమిదిన్నర తర్వాతే మీటింగ్ పెట్టండి. అంతకుముందు ఆడవాళ్లకి తీరదు, వచ్చినా మనసు పొయ్యి మీదే ఉంటుంది. ఎవరి అరుగు మీదైనా సరే కానీ, పార్టీ నాయకుడి ఇంట్లో మాత్రం వద్దు. ఆయన మంచివాడే కావచ్చు. రేపు ఫోన్ చేసి "ఇక ఆపండమ్మా" అంటే కాదనలేని పరిస్థితి వస్తుంది.

మీ వీధిలో డ్వాక్రా గ్రూపు ఉండే ఉంటుంది. మనుషుల్ని పిలవడానికి అది సుళువైన దారి. కానీ ఈ కబుర్లు పొదుపు మీటింగులో కలపకండి. లోను ఎప్పుడొస్తుందన్నది లీడర్ మాట మీదో, గ్రూపుల పని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) మాట మీదో ఉంటుందని అందరి భయం. అక్కడ ఎవరికీ నోరు పెగలదు.

అన్ని కులాలవాళ్లనీ మొదటిరోజే కూర్చోబెట్టాలా అని చాలామంది అడుగుతారు. వద్దనే నా మాట. మొదటి రెండుసార్లు దెబ్బ తగిలినవాళ్లే కూర్చోవాలి. ఎంత మంచి మనసున్న పెద్దింటి అక్కయినా, ఆవిడ ఎదురుగా ఉంటే నిజం సగమే బయటికొస్తుంది. మూడోసారి నుంచి అందరినీ పిలవండి, ఒకే ఫ్లాస్కులో టీ తెప్పించండి. విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా, సరస్వతీ గోరా దంపతులు అంటరానితనం మీద పోరాడుతూ సహపంక్తి భోజనాలే పెట్టించారు. మనది ఉత్త టీయే. అయినా ఎవరో ఒకరు "నేనిప్పుడే తాగొచ్చా" అంటారు. విని ఊరుకోండి. ఆమే నాలుగో మీటింగులో కప్పు అందుకోవడం నేను చూశాను.

ఒక్కటే అడగండి

మొదటి మీటింగులో అన్నీ బయటపడతాయి: కూలి, మొగుడి తాగుడు, మరుగుదొడ్డి, రేషన్ కార్డు, కొడుకు ఉద్యోగం. అన్నీ రాసుకుని వాటిలోంచి ఒక్కటి తీయండి. ఆ పని చేసిపెట్టగలిగిన మనిషి ఎవరో, ఏ కుర్చీలో కూర్చుంటాడో చెప్పగలిగితే అదే మీ అంశం. "కుల వివక్ష పోవాలి" అనే కాగితం ఏ కౌంటర్లో ఇస్తారు? "ఈ షెడ్డులో అందరికీ అవే గ్లాసులు, ఆడవాళ్ల మరుగుదొడ్డికి తలుపు, ఆ పిల్లకి మళ్లీ పని" అంటే, అడగాల్సింది ఎవరినో వెంటనే తెలిసిపోతుంది.

అమెరికాలో నల్లజాతివాళ్ల పోరాటం అనగానే మనకి మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తాడు. మాంట్‌గమరీ ఊళ్లో బస్సుల బహిష్కరణకి ముందుగా నడుం కట్టింది మాత్రం విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అనే ఆడవాళ్ల సంఘం. 1954 మేలోనే వాళ్లు మేయరుకి ఉత్తరం రాసి హెచ్చరించారు. బస్సులో తెల్లవాళ్లకి సీటు వదలనందుకు 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆమెని అరెస్టు చేయగానే, ఆ సంఘాన్ని నడిపే కాలేజీ టీచరు జో ఆన్ రాబిన్సన్ రాత్రికి రాత్రి వేల కరపత్రాలు తీయించింది. ఆ తర్వాత 381 రోజులు నల్లవాళ్లు బస్సెక్కలేదు. మరి మొదట్లో వాళ్లడిగిందేమిటి? డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ముందొచ్చినవాళ్లకి ముందు సీటు, తమ పేటలకి వెళ్లే రూట్లలో నల్లవాళ్లని డ్రైవర్లుగా తీసుకోవాలి. అంతే. చివరికి బస్సుల్లో ఆ వేరు సీట్ల పద్ధతినే కోర్టు కొట్టేసింది. ఆ కేసులో చివరిదాకా నిలబడ్డ నలుగురు వాదులూ ఆడవాళ్లే. 1946లో అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాస్తూ, అక్కడి నల్లవాళ్ల స్థితికీ ఇక్కడి అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. మిర్చి షెడ్డు గురించి మాట్లాడుతూ మాంట్‌గమరీ దాకా వెళ్లింది అందుకే.

నోటుపుస్తకం

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే. ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్ కొని, అక్షరాలు గుండ్రంగా రాసే ఇంటర్ పిల్లకి అప్పజెప్పండి. రాత ఇలా ఉండాలి:

"ఫిబ్రవరి 11, మంగళవారం. మధ్యాహ్నం 2 గంటలు. నీళ్ల డ్రమ్ము దగ్గర. గ్లాసు అడిగితే మేస్త్రి 'మీవాళ్లకి అలవాటేగా, కొత్తగా ఏంటి' అన్నాడు. అప్పుడు అక్కడ ఆరుగురున్నారు." కింద ఆ ఆరుగురిలో సాక్ష్యం చెప్తామన్నవాళ్ల పేర్లు. మిగతావాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకునేదాకా రాయొద్దు.

"కులం పేరుతో దూషించాడు" అని రాస్తే చాలదు. ఏ మాట అన్నాడో ఆ మాటే ఉన్నదున్నట్టు రాయాలి, ఎంత చేదుగా ఉన్నా సరే. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అవమానం, దూషణ కేసుల్లో అది నలుగురికీ కనబడే, వినబడే చోట జరిగిందా అన్నది కీలకం. అందుకే చోటు, చుట్టూ ఉన్న మనుషులు తప్పకుండా రాయాలి. మేస్త్రి రాసిచ్చే కూలి చిట్టీలకి ఏరోజుకారోజు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. చిట్టీలు చీర కొంగున కట్టి, తర్వాత ఉతికేస్తాం మనం.

ఏ తలుపు తట్టాలి

చెయ్యి చేసుకోవడం, లైంగిక దాడి లాంటివి జరిగితే పెద్దమనుషుల పంచాయితీ అనే మాటే వద్దు. నేరుగా పోలీసులకే. 112కి గానీ, మహిళల కోసం 181కి గానీ ఫోన్ చేయండి. మిగతా విషయాల్లో ముందు యజమాని దగ్గరికి ముగ్గురు వెళ్లి మాట్లాడటం మంచిదని నా అనుభవం. ఇద్దరు వెళ్తే బతిమాలుకుంటున్నట్టుంటుంది, పదిమంది వెళ్తే ఆయన తలుపు మూసుకుంటాడు. చాలాసార్లు ఆయనకి నిజంగానే తెలియదు, లేదా తెలియనట్టు నటించే అవకాశం ఇస్తే దాన్నే పట్టుకుని సర్దుతాడు. నాకు రెండూ సమ్మతమే.

పనిచోట లైంగిక వేధింపులైతే 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకీ అదే దారి. గడువు మూడు నెలలు, కాబట్టి "చూద్దాంలే" అనుకోకండి.

కులం పేరుతో అవమానం మీద కేసు పెట్టాలంటే పోలీస్ స్టేషన్‌కే. ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ స్పష్టంగా చెప్పింది. కేసుని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది చేతికి రాకుండా బయటికి రావొద్దు. అసలు తీసుకోనే లేదా, అదే ఫిర్యాదుని గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో పోలీస్ కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు నోటుపుస్తకంలో అంటించండి. సాక్షిగా విచారించడానికి ఆడవాళ్లని స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లే ఇంటికి రావాలి. ఈ సంగతి తెలిస్తే సాక్ష్యానికి ముందుకొచ్చేవాళ్లు పెరుగుతారు.

మన గుంటూరు వైపు ఒక చిక్కుంది, దాన్ని దాటేయలేం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారినవాళ్లు అత్యాచారాల చట్టం వాడుకోలేరని 2025లో మన హైకోర్టు కూడా తీర్పిచ్చింది. ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబాలు మన కాలనీల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. దోసిట్లో నీళ్లు పోసేవాడు సర్టిఫికెట్ అడిగి పోయడు, కానీ కోర్టు అడుగుతుంది. అందుకే ఫిర్యాదు రాయకముందే లాయరుతో మాట్లాడండి. ఖర్చుకి భయపడక్కర్లేదు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలని 1987 చట్టం చెప్తోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

సోమవారం

కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఇప్పుడు దాని పేరు ప్రజా సమస్యల పరిష్కార వేదిక, జనం మాత్రం ఇంకా స్పందన అనే అంటున్నారు. అర్జీ ఒక పేజీ దాటకూడదు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని, రసీదు నంబరు రాసుకోండి.

సోమవారం వెళ్లడం అంటే ఆరోజు కూలి పోవడం. సంఘాలు విడిపోయేది సిద్ధాంతాల దగ్గర కాదు, ఇక్కడ. వారానికి తలా ఇరవై వేసి, ఎవరి కూలి పోయిందో వాళ్లకి ఇవ్వండి. లెక్క అదే నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసి, మీటింగులో పైకి చదవండి. ఆటో, మధ్యాహ్నం భోజనం, చంటిపిల్లని ఎవరు చూస్తారన్నది ఆదివారం రాత్రే తేల్చుకోవాలి.

నెల దాటినా చలనం లేకపోతే సమాచార హక్కు కింద "మా అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు" అని అడగండి. జిల్లా ఆఫీసులో పది రూపాయల ఫీజు, తెల్ల కార్డుంటే అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఈ ఒక్క కాగితానికే కదిలిన ఫైళ్లు నేను చూశాను.

మైకు ముందు ఆమెని అడగండి

నేను చేసిన తప్పు చెప్తాను. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆమెని చెవిదిద్దు పోయిందని కులం పేరెత్తి తిట్టి, సంచి వెతికారు. దిద్దు మర్నాడు వాళ్ల పరుపు కిందే దొరికింది. మాకు ఒళ్లు మండింది. తెలిసిన విలేకరికి ఫోన్ చేశాం. సాయంత్రానికి ఆమె ముఖం టీవీలో వచ్చింది. తిట్టిన ఇల్లు ఒక్కటే కాదు, మిగతా మూడిళ్లవాళ్లు కూడా ఆమెని మానిపించేశారు. వారం తర్వాత వాళ్లింటికి వెళ్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "అక్కా, నన్నొక్క మాట అడిగారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆమె ఏం కోరుకుంటోంది, పేరు బయటికి రావచ్చా, ఫోటో వాడొచ్చా, ఈ మూడూ నోటుపుస్తకంలో ఆమె మాటల్లోనే ఉండాలి. మర్నాడు ఆమె మనసు మార్చుకున్నా సరే, ఆ మాటే చెల్లుతుంది. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టడమే నేరం, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా అంతే.

ధర్నా అవసరమైతే విజయవాడలో గాంధీనగర్ ధర్నా చౌక్ ఉంది, ముందు పోలీసు అనుమతి తీసుకోండి. నా మట్టుకు నేను ధర్నాని ఆఖరుకే ఉంచుతాను.

ఎదురుదెబ్బ

పనిలోంచి తీసేస్తారు, కిరాణాకొట్టులో అరువు ఆపేస్తారు, ఇల్లు ఖాళీ చేయమంటారు. సామాజికంగా, ఆర్థికంగా వెలివేయడం కూడా అదే అత్యాచారాల చట్టం కింద నేరం, కాబట్టి అది జరిగిన రోజే పుస్తకంలోకి ఎక్కాలి. తేలిగ్గా తీసుకోకండి. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపేయడానికి ముందు జరిగింది వెలివేతే. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కేసు ఎన్నేళ్లు నడుస్తుందో, ఎటు పోతుందో చెప్పలేమని సాక్షులకి మొదటిరోజే చెప్పండి.

మా షెడ్డు సంగతి. ముగ్గురు వెళ్లి మాట్లాడారు. యజమాని "అలా జరుగుతోందా" అని ఆశ్చర్యపోయాడు. పది రోజులకి డ్రమ్ము మీద ఆరు గ్లాసులు వచ్చాయి. ఆ పిల్ల మళ్లీ పనిలో చేరింది, ఇప్పుడు నోటుపుస్తకం రాసేది ఆమే. మరుగుదొడ్డికి తలుపు ఇంకా రాలేదు. సోమవారం అర్జీ పట్టుకుని వెళ్తున్నాం, ఆటో ఏడున్నరకి మాట్లాడాం.