పెద్ద అక్వేరియం కారుతోందా? సిలికాన్ గన్ పట్టుకునే ముందు

ట్యాంకు కింద తడి కనబడగానే ముందు చూడాల్సింది కరెంటు సంగతి. తడి నేల మీద నిలబడి ప్లగ్గులు పీకొద్దు. స్విచ్‌బోర్డు దాకా నీళ్లు పాకితే మెయిన్ ఆపేయండి. హీటరు ఆపాక ఓ పావుగంట ఆగి నీళ్లు తోడండి. వేడి మీదున్న గాజు హీటరు నీళ్లలోంచి బయటపడితే పగిలిపోతుంది.

తర్వాత, కారేది నిజంగా ట్యాంకేనా? చాలాసార్లు దోషం ఫిల్టర్ పైపు జాయింటుదో, మూత మీంచి జారే ఆవిరి నీళ్లదో అవుతుంది. గాజు బయటివైపు పొడిగా తుడిచి, కింది అంచు వెంట టిష్యూ పేపర్లు పరవండి. ఏ ముక్క ముందు తడిస్తే అక్కడ వెతకాలి. నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. మట్టం దిగీ దిగీ ఒకచోట ఆగిపోయిందంటే చిల్లు ఆ ఎత్తులోనే ఉంది. అడుగుదాకా ఆగకపోతే కింది అతుకు పోయినట్టే.

అది తేలేలోపు చేపల్ని మార్చేయాలి. సబ్బులు, రసాయనాలు ముట్టని డ్రమ్ములు తీసుకుని, ట్యాంకులో నీళ్లే నింపి, ఎయిర్ పంపు పెట్టి, పైన వల కప్పండి. భయపడ్డ చేప ఎగిరి బయట పడుతుంది. ఫిల్టర్‌లోని స్పాంజీ, రాళ్లు కుళాయి కింద కడగొద్దు, ఎండనివ్వొద్దు. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే విషం అమ్మోనియాను విరిచే బాక్టీరియా కాపురం వాటి మీదే. వాటినీ అదే డ్రమ్ములో, గాలి తగిలేలా ఉంచండి. మేత బాగా తగ్గించండి. ఈ ఏర్పాటు సరిగ్గా ఉంటే వారం పది రోజులు నిదానంగా ఆలోచించుకోవచ్చు. తొందరలో తీసుకున్న నిర్ణయాలే ఎక్కువగా బెడిసికొడతాయి.

ఇక అసలు ప్రశ్న: రిపేరు చేయాలా, కొత్తది కొనాలా? ట్యాంకు ఎంత పెట్టి కొన్నాం, ఎన్నేళ్లుగా ఉంది అన్నవాటికంటే ఎక్కడ పోయిందన్నదే నిర్ణయించాలి. గాజు బీటలు వారితే అతికించే ఆలోచన మానేయండి. ఆ పలక మార్చాలి, లేదా ట్యాంకే మార్చాలి. అడుగు పలక టెంపర్డ్ గాజైతే (వేడిచేసి గట్టిపరిచింది) బీట దాకా రాదు, ఒక్కసారిగా ముక్కలైపోతుంది.

గాజు బాగానే ఉండి అతుకు మాత్రమే కారుతుంటే, అది ఏ అతుకో చూడండి. పెద్ద ట్యాంకులో సిలికాన్, అంటే పలకల్ని అతికే జిగురు, రెండు చోట్ల ఉంటుంది. లోపలి మూలల్లో పూసిన పట్టీ నీళ్లు ఆపడానికి. రెండు పలకల మధ్య నలిగి ఉన్న పలచటి పొర ట్యాంకును పట్టి ఉంచడానికి. లోపలి పట్టీ అంచులు గోటితో లేస్తున్నా, పలకల మధ్య పొరలో బుడగలూ తెల్లటి మచ్చలూ లేకపోతే రిపేరు పనికొస్తుంది. ఆ మధ్య పొరే విడుతుంటే పైన ఎంత పూసినా లాభం లేదు. అన్ని పలకలూ విప్పి మళ్లీ కట్టాలి. ఆ శ్రమ కంటే కొత్తది కొనడమే మేలని నా లెక్క.

ఆ లెక్కలో ఎత్తును మరవకండి. 6 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు నీళ్లుంటే ముందు పలక మీద పడే తోపు దాదాపు 340 కిలోల బరువుకు సమానం. అదే పొడవుకి ఎత్తు రెండున్నర అడుగులైతే అది 530 దాటుతుంది. వెడల్పు ఎంతున్నా ఇందులో తేడా ఉండదు. అందుకే రెండడుగుల ఎత్తు దాటిన ట్యాంకులో పలకల మధ్య పొర కదిలితే నేనైతే రిపేరు మాటెత్తను.

రిపేరే అనుకుంటే, కారేచోట మాత్రం కాస్త పూసి వదిలేయొద్దు. కొత్త సిలికాన్ ఆరిన పాత సిలికాన్‌కి సరిగా అంటదు. లోపలి పట్టీ మొత్తం బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఒకేసారి పూయాలి. బ్లేడు మొన పలకల మధ్యకి దిగిందా, కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. బాత్‌రూముల కోసం బూజు మందు కలిపి అమ్మే సిలికాన్ చేపలకు విషం, దాని జోలికి పోవద్దు. పైపొర గంటలోపే గట్టిపడుతుంది గానీ లోపల ఆరడానికి రోజులు పడుతుంది. పెద్ద ట్యాంకుకి వారం ఆగండి.

కొత్తది కొన్నా సరే, పాత స్టాండు మీద లెవల్ పెట్టి చూడకుండా ఎక్కించొద్దు. ఓ మూల కుంగితే గాజు మెలితిరుగుతుంది, అతుకులు ఒక్కొక్కటే వదులవుతాయి. ఎత్తు సరిచేసే చెక్క ముక్కలు స్టాండుకీ నేలకీ మధ్యే పెట్టాలి, ట్యాంకు కింద కాదు.

పరీక్ష ఇంట్లో వద్దు, నీళ్లు పోయినా నష్టం లేనిచోట చేయండి. పావు వంతు నింపి ఓ రోజు, సగం నింపి ఇంకో రోజు, నిండా నింపి కనీసం మూడు రోజులు ఉంచండి. కారి హెచ్చరించే ట్యాంకు ఒక రకంగా మంచిది. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బెర్లిన్‌లో ఓ హోటల్లోని ఆక్వాడోమ్ అనే భారీ అక్వేరియం ఉన్నట్టుండి బద్దలై దాదాపు పది లక్షల లీటర్ల నీళ్లు హోటల్ లాబీని ముంచేశాయి, చేపలు చాలామటుకు చచ్చిపోయాయి. పరీక్ష అయ్యాక నీళ్లు పూర్తిగా తోడేసి, ఖాళీ ట్యాంకునే లోపలికి మోయండి. అడుగున రెండంగుళాల నీళ్లున్నా మోసేటప్పుడు అవి ఒకవైపు ఒరిగి అతుకుల్ని లాగేస్తాయి.