చెన్నై ఎండల్లో ఫెరెట్‌ను ఎలా పెంచాలి?

ఫెరెట్ అంటే ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు. దాని బదులు స్కంక్‌ను పెంచుకోవచ్చా అంటారా, ముందు ఆ సంగతి తేల్చేద్దాం. వద్దు. అది ఉత్తర అమెరికా జంతువు, భయమేస్తే తోక ఎత్తి మూడు మీటర్ల దాకా కంపు చిమ్ముతుంది. గ్రంథులు తీయించేస్తే సరిపోతుందంటారు గానీ, ఆ ఆపరేషన్ చేసే డాక్టర్‌ను ఇక్కడ వెతికి పట్టుకోవడమే పెద్ద పని. ఫ్లాట్‌లో పెంచాలంటే ఫెరెట్టే.

బిల్లు, టీకా కార్డు లేనిదే కొనొద్దు. అపార్ట్‌మెంట్‌లో సగం మంది దాన్ని ముంగిస అనుకుంటారు. ముంగిసను పెంచడం వన్యప్రాణి చట్టం కింద నేరం, కాబట్టి ఆ బిల్లు భద్రంగా ఉండాలి. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఫెరెట్ బతకదు. అలాగని కుక్కల టీకా ఏదో ఒకటి పొడిపించొద్దు, ఫెరెట్లు తెలిసిన డాక్టర్‌నే అడగండి.

రెండంతస్తుల ఇనుప పంజరం, ట్రేలో చింపిన న్యూస్‌పేపర్, పాత లుంగీతో కుట్టిన ఊయల. నూలు లుంగీయే. రంపపు పొట్టు వద్దు. రోజుకు నాలుగు గంటలు పంజరం బయట, ఇంట్లోనే వదలండి, ముందుగా రబ్బరు చెప్పులు, ఎరేజర్లు దాచేయండి. మింగితే పేగుకు అడ్డం పడతాయి.

తిండి మాంసమే. పెరుగన్నం, అరటిపండు పెట్టి "మావాడు శాకాహారి" అని మురిసిపోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది కాబట్టి గిన్నె ఖాళీగా ఉండకూడదు.

ఇక అసలు గండం ఎండ. ఫెరెట్ చెమటతో ఒళ్లు చల్లబరచుకోలేదు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది, 30 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మన ఊళ్లో ఫిబ్రవరి మధ్యాహ్నాలే ఆ లెక్క దాటేస్తాయి. "ఫ్యాన్ వేశాం కదా" అంటారు. ఫ్యాన్ మనకు హాయినిచ్చేది చెమట ఆరుతుంది కనుక, దానికి ఆ గాలి వడగాలే. కూలర్ మరీ దండగ, చెన్నై ఉక్కకు ఇంకాస్త తేమ కలుపుతుంది. ఏసీ ఒక్కటే దారి. కరెంటు బిల్లుకు వెనకాడేవాళ్లు చేపల తొట్టి పెట్టుకోండి.

ఏసీ ఉన్నా కరెంటు పోతే? మామూలు ఇన్వర్టర్ ఫ్యాన్లు, లైట్ల వరకే. మీరు ఆఫీసులో ఉండగా మూసిన గది కొలిమైపోతుంది. అందుకే రోజూ వెళ్లేముందు, కరెంటు ఉన్నా సరే, గడ్డకట్టిన నీళ్ల సీసా తువ్వాలులో చుట్టి పంజరంలో పెట్టండి. ఫ్రీజర్‌లో ఇంకోటి సిద్ధంగా ఉండాలి. మే నాటి కత్తెర ఎండల్లో, కరెంటు పోతే సీసా మార్చమని తాళంచెవి పక్కింటి ఆంటీకి ఇచ్చి వెళ్లండి.

గాఢనిద్రలో ఉన్న ఫెరెట్‌ను ఎత్తితే మెడ వాల్చేస్తుంది, వడదెబ్బ అనుకుని హడలిపోకండి. ఊపిరి నిదానంగా ఉంటే నిద్రే, కాసేపటికి ఆవలిస్తుంది. నోరు తెరిచి రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడితే వడదెబ్బ. ఐసు నీళ్లు పోయకూడదు: చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది. కుళాయి నీళ్లూ వద్దు, మేలో ట్యాంకు నీళ్లు కాగుతుంటాయి. కుండ నీళ్లతో పాదాలు, పొట్ట తడుపుతూ ఆటో ఎక్కండి, వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, మీ డాక్టర్ దగ్గరికో. దారిలో తేరుకున్నట్టు కనిపించినా వెనక్కి తిరగొద్దు.

స్నానం రెండు నెలలకోసారి చాలు. వాసనొస్తోందని వారం వారం తలంటితే చర్మం ఇంకా నూనె ఊరుస్తుంది. వాసనంతా ఊయల గుడ్డలో ఉంటుంది, దాన్ని ఉతకండి.